చెయ్యలేను – చెయ్యను

ఎవరైనా ఏదైనా అడిగితే కాదనడం తప్పా? ఈ ప్రశ్న చాలా చిన్నదిగా కనిపిస్తుంది. నీతిని గురించి రాసేవాళ్ళు హత్యను గురించి, అబద్ధాన్ని గురించి, ద్రోహాన్ని గురించి రాస్తారుగాని దీన్ని అంతగా పట్టించుకోరు. కాని మామూలు మనిషి జీవితంలో హత్య చెయ్యాలా వద్దా అన్న సమస్య రాదు. అడిగినవాడికి ఏం చెప్పాలన్న సమస్య రోజూ వస్తుంది. బంధువు అప్పడుగుతాడు. పై అధికారి ఆదివారం కూడా రమ్మంటాడు. స్నేహితుడు హామీ సంతకం పెట్టమంటాడు. సంఘంవాళ్ళు చందా అడుగుతారు, ఉపన్యాసం అడుగుతారు. ఒప్పుకుంటే పని నెత్తిన పడుతుంది. కాదంటే ఏదో తప్పు చేసినట్టు మనసు పీకుతూ ఉంటుంది. ఆ పీకుడు కంటె పనే నయమనుకుని చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకున్న తర్వాత అడిగినవాణ్ణి లోలోపల తిట్టుకుంటారు.

మన భాషలో దీనికి మొహమాటమని పేరు. ఆ మాటలోనే మొహం ఉంది. ఎదుటి మనిషి మొహం చూసిన తర్వాత కాదనడానికి నోరు రాకపోవడమే మొహమాటం. కాదు, లేదు అనే మాటలంటే మనకు ఎంత జంకో మన వాడుకను చూస్తేనే తెలుస్తుంది. ఇంట్లో బియ్యం అయిపోతే లేవనం, నిండుకున్నాయంటాం. సెలవు తీసుకునేటప్పుడు వెళ్తాననం, వెళ్ళొస్తానంటాం. అప్పడిగినవాడికి ఇవ్వనని చెప్పకుండా "చూద్దాం లెండి" అంటాం, "రేపోసారి కనపడండి" అంటాం. ఇవి జవాబులు కావు, జవాబును వాయిదా వెయ్యడం. అడిగినవాడు నాలుగుసార్లు తిరిగి, చివరకు తనంతట తానే అర్థం చేసుకుని ఊరుకుంటాడు. తిరిగిన శ్రమ అతనిది, మంచివాడన్న పేరు మనది.

ఇక్కడ భాషకు సంబంధించిన ఇంకొక సంగతి గమనించాలి. తెలుగులో కాదనడానికి ఎన్నో రూపాలున్నాయి. కాదు వేరు, లేదు వేరు, వద్దు వేరు, కూడదు వేరు. వీటికి తోడు, క్రియలోనే వ్యతిరేకార్థం ఇమిడిపోయి, చెప్పేవాడెవరో కూడా అందులోనే తెలిసే రూపం ఒకటుంది. చెయ్యను అన్నప్పుడు విడిగా కాదు అనే మాట అక్కర్లేదు, నేను అనే మాట కూడా అక్కర్లేదు. నిరాకరణా, నిరాకరించే మనిషీ ఒకే మాటలో నిలబడతారు. ఇంత బలమైన మాట చేతిలో ఉండగా మనం దాన్ని దాదాపు వాడం. దాని బదులు చెయ్యలేను అంటాం. చెయ్యలేను అంటే శక్తి లేదని అర్థం. చెయ్యను అంటే ఇష్టం లేదనీ, నిర్ణయించుకున్నాననీ అర్థం. మొదటి మాట సానుభూతిని కోరుతుంది. రెండో మాట బాధ్యత వహిస్తుంది. చెయ్యను అనవలసినచోట చెయ్యలేను అనడం అలవాటైన మనిషి తనకు ఇష్టమంటూ ఒకటుందని క్రమంగా మరిచిపోతాడు.

ఈ సమస్యకు ప్రచారంలో ఉన్న సమాధానాలు రెండు. మొదటిది పాతది. అడిగినవాడికి లేదనకపోవడమే ధర్మమనేది ఆ సమాధానం. దీనికి ఉదాహరణలుగా బలిచక్రవర్తి, శిబి, కర్ణుడు, హరిశ్చంద్రుడు మొదలైనవాళ్ళను చూపిస్తారు. పసితనం నుంచీ ఈ కథలు విని పెరిగాం గనక కాదనడం అంటే ఆ పంక్తిలోంచి జారిపోవడమని మనకు తెలియకుండానే అనిపిస్తుంది. రెండోది కొత్తది. ఈనాడు పుస్తకాల దుకాణాల్లో దొరికే వ్యక్తిత్వ వికాస గ్రంథాల్లో ఉండేది ఇదే. నీ సమయం నీ ఆస్తి, దాని చుట్టూ కంచె వేసుకో, ఎవరడిగినా చిరునవ్వుతో కాదను, కాదన్న తర్వాత బాధపడకు అని ఆ గ్రంథాలు బోధిస్తాయి. ఈ రెండు సమాధానాలూ ఒకదానికొకటి వ్యతిరేకంగా కనిపిస్తాయి. నిజానికి రెండింటిలోనూ ఉన్న లోపం ఒకటే. అడిగేవాడికీ అడిగించుకునేవాడికీ మధ్య ఉన్న సంబంధం ఏమిటని రెండూ ప్రశ్నించవు.

ముందు పాత సమాధానాన్ని పరీక్షిద్దాం. మన పురాణాల్లో దాతలుగా కీర్తి పొందినవాళ్ళలో చాలామంది రాజులు. ఇవ్వడానికి ఉన్నవాడికే లేదనకపోవడం వ్రతంగా చెల్లుతుంది. అయినా బలిచక్రవర్తి కథలో కూడా కాదనమని చెప్పిన గొంతు ఒకటుంది. అడిగినవాడెవరో తెలుసుకో, ఇచ్చిన మాట తప్పినా ఇలాంటిచోట దోషం లేదని శుక్రాచార్యుడు చెప్పాడు. భాగవతం అష్టమ స్కంధం చదివినవాళ్ళకు ఈ ఘట్టం తెలుసు. బలి తన రాజ్యాన్ని తాను ఇచ్చాడు, ఫలితాన్ని తన తలమీదనే మోశాడు. అందుచేత అతని నిర్ణయాన్ని మనం తప్పు పట్టవచ్చుగాని, ఆ నిర్ణయం చేసే హక్కు అతనికి లేదనలేం.

హరిశ్చంద్రుడి సంగతి అట్లా కాదు. విశ్వామిత్రుడికి ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి అతను చంద్రమతినీ లోహితాస్యుణ్ణీ కాశీలో అమ్మాడు. తర్వాత తానూ కాటికాపరిగా అమ్ముడుపోయాడు, నిజమే. కాని మాట ఇచ్చింది అతనొక్కడు. ముందుగా అమ్ముడుపోయింది భార్యా, కొడుకూ. ధర్మరాజు కథ ఇంకా స్పష్టమైనది. జూదానికి పిలిస్తే కాదనకపోవడం తన వ్రతమని అతను చెప్పుకున్నాడు. ధృతరాష్ట్రుడు విదురుడి చేత కబురు పంపితే, జరగబోయేది మంచిది కాదని తెలిసీ బయలుదేరాడు. ఆ మర్యాద ఖరీదు ఎవరు చెల్లించారు? తమ్ముళ్ళు చెల్లించారు, అందరికంటె ఎక్కువగా ద్రౌపది చెల్లించింది. మొత్తం సభాపర్వంలో కాదనడం తెలిసిన మనిషి ఆవిడే. సభకు రమ్మని ప్రాతికామి వచ్చినప్పుడు ఆవిడ వెంటనే లేచి వెళ్ళలేదు. ముందుగా తన్నోడాడా, నన్నోడాడా అని అడిగి రమ్మని అతన్ని వెనక్కు పంపింది. పెద్దలందరూ కూచున్న సభ ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయింది. భర్త కాదనలేకపోయినచోట భార్య ప్రశ్న రూపంలో కాదన్నది.

ఈ కథలనుంచి మనం నేర్చుకోవలసిన మొదటి సూత్రం ఇది: ఒక మనిషి చెప్పే అవును వెనక ఎక్కడో ఒక కాదు ఉంటుంది. రోజుకు ఉన్నవి ఇరవైనాలుగు గంటలే గనక ఒకరికి ఇచ్చిన గంట ఇంకొకరి దగ్గరనుంచి తీసుకున్నదే అవుతుంది. ఉద్యోగి పై అధికారికి కాదనలేక ఆదివారం ఆఫీసుకు వెళ్తే, ఆనాటి ఇంటిపని మొత్తం భార్యమీద పడుతుంది. పై అధికారికి చెప్పిన అవును భార్యకు చెప్పిన కాదు. భార్యకు కాదన్నందుకు అతనికి మనసు పీకదు. ఎందుచేతనంటే ఆవిడ అడగలేదు, అడిగే అలవాటు ఆవిడకు లేదు. కాబట్టి ఊళ్ళో అందరికీ తలలో నాలుకలాగా ఉండే మనిషిని చూసినప్పుడు వెంటనే మెచ్చుకోకుండా, ఈ ఉదారత ఖర్చు ఎవరి పద్దులో పడుతున్నదని ఆరా తియ్యడం అవసరం.

ఈ మాట ఊహించి చెబుతున్నది కాదు. భారతదేశంలో 2019లో జరిగిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంట్లో వేతనంలేని పనులు చేసే స్త్రీలు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు ఖర్చు పెడుతున్నారు. అటువంటి పనులు చేసే పురుషులు పెడుతున్నది 97 నిమిషాలు. ఈ 299 నిమిషాల పనిని ఎవరూ బతిమాలి చేయించడం లేదు. ఎవరూ అడగరు గనకనే కాదనడానికి సందు కూడా లేదు. అడిగితే కాదనవచ్చు. అడగకుండానే నీదనుకున్న పనిని కాదనాలంటే ముందుగా అది తనది కాదని రుజువు చేసుకోవాలి.

స్త్రీలకు కాదనలేకపోవడం సహజ స్వభావమని కొందరంటారు. అమెరికాలో నలుగురు పరిశోధకురాళ్ళు దీన్ని ప్రయోగం చేసి చూశారు. వాళ్ళ వ్యాసం 2017లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో వచ్చింది. ముగ్గురేసి మనుషులను జట్లుగా చేశారు. ముగ్గురిలో ఎవరో ఒకరు ముందుకు వచ్చి ఒక చిన్నపని చెయ్యాలి. చేస్తే అందరికీ లాభమేగాని, చేసినవారికి మిగిలిన ఇద్దరికంటె తక్కువ దక్కుతుంది. ఆ పని చెయ్యమని ఒకరిని అడిగే అవకాశం ఇంకొకరికి ఇచ్చి చూస్తే, పురుషులకంటె స్త్రీలకు 44 శాతం ఎక్కువ అభ్యర్థనలు వచ్చాయి. అడిగినప్పుడు పురుషులు 51 శాతం సార్లు ఒప్పుకుంటే స్త్రీలు 76 శాతం సార్లు ఒప్పుకున్నారు. అయితే అసలు విశేషం ఇది కాదు. జట్లలో అందరూ స్త్రీలే, లేదా అందరూ పురుషులే ఉన్నప్పుడు ముందుకు రావడంలో ఈ తేడా కనిపించలేదు. స్త్రీ పక్కన లేనప్పుడు పురుషులు మామూలుగానే ముందుకు వచ్చారు. అంటే ఇది స్వభావం కాదు. ఈ పని ఎవరు చేస్తారని అందరూ ముందే అనుకుంటారో వాళ్ళే చేస్తారన్నమాట. మొహమాటం మనిషి లోపల పుట్టేది కాదు, మనుషుల మధ్య పుట్టేది.

ఇప్పుడు రెండో సూత్రానికి వస్తాం. అభ్యర్థన అనే మాట రెండు వేరువేరు విషయాలను కప్పిపెడుతుంది. కాదంటే కాదన్నట్టే ఊరుకునే అభ్యర్థన ఒకటి. కాదనడానికి వీల్లేని అభ్యర్థన ఇంకొకటి. రెండోది నిజానికి ఆజ్ఞ. మర్యాద కోసం అది అభ్యర్థన వేషం వేసుకుంటుంది. ఏకలవ్యుడి కథలో ఈ తేడా అరటిపండు ఒలిచినట్టు కనిపిస్తుంది. నిషాదుల బిడ్డ విద్య నేర్పమని వచ్చినప్పుడు ద్రోణుడు నేర్పనన్నాడు. ఆ కాదుకోసం ద్రోణుడు ఏమీ బాధపడినట్టు కనిపించదు. తర్వాత అదే ద్రోణుడు నేర్పని విద్యకు దక్షిణగా కుడిచేతి బొటనవేలు అడిగితే ఏకలవ్యుడు కాదనలేకపోయాడు. పైనున్నవాడి కాదు నియమం. కిందనున్నవాడి కాదు ద్రోహం. ఏకలవ్యుడి గురుభక్తిని పొగడమని మన పిల్లలకు తరతరాలుగా నేర్పుతూ వచ్చాం, దక్షిణ అడిగే హక్కు ఆ గురువుకు ఎక్కడిదని అడగమని నేర్పలేదు.

తెలంగాణాలో వెట్టి ఈ కథను లక్షలమంది జీవితాల్లో నడిపింది. నిజాం పాలనలో దేశముఖుల గడీలకు చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, రైతు బండి కట్టాలి. కూలి లేదు. ఇదంతా ఆనవాయితీ పేరుతోనే జరిగేది. వెట్టి కేవలం కొరడాతో నడిచిందనుకోవడం పొరపాటు. కొరడా ఉన్నమాట నిజమే. కాని ప్రతి మనిషి వెనకా రోజంతా కొరడా పట్టుకుని నిలబడటానికి ఏ దొరకూ చాలినంతమంది మనుషులుండరు. దొర పని ఎగ్గొట్టడం తప్పు అనే భావం చేసేవాడి మనసులోనే కాపలా కాస్తే దొరకు ఖర్చు తగ్గుతుంది. అపరాధభావం చాలాసార్లు జీతం లేని కావలివాడు.

ఆ భావం ఎట్లా పోయింది? వెట్టివాళ్ళు ఒక్కొక్కరూ ఇంట్లో కూచుని ఆత్మవిశ్వాసం పెంచుకుంటే పోలేదు. ఆంధ్ర మహాసభ ఊళ్ళలోకి వెళ్ళింది. 1944లో భువనగిరి మహాసభ తర్వాత అది పేదల సంఘంగా మారింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలుకు సాగుచేసిన పంటను విసునూరు దేశముఖుకు వదలనన్నది. ఆవిడ ధైర్యం అసామాన్యమైనదే. కాని ఆ పంట కోసి ఇంటికి చేర్చినప్పుడు సంఘం కార్యకర్తలు ఆవిడ పక్కన ఉన్నారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకీకి బలైనప్పుడు అతను ఒంటరిగా లేడు, ఊరేగింపులో ఉన్నాడు. అంతకు ముందే 1921లో చీరాల పేరాల జనం పురపాలక సంఘం పన్నులు కట్టం అన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన వేలమంది ఇళ్ళు వదిలి ఊరి వెలుపల నెలల తరబడి గుడిసెల్లో ఉన్నారు. అది కట్టలేం కాదు, కట్టం.

ఇక్కడ జరిగిన మార్పును జాగ్రత్తగా చూడాలి. ఈ మనుషులకు అపరాధభావం నశించలేదు, దాని దిక్కు మారింది. నిన్నటిదాకా దొరపని ఎగ్గొడితే తప్పనిపించేది. సంఘం వచ్చిన తర్వాత దొరపనికి వెళ్తే తప్పనిపించింది. ఎందుచేతనంటే ఒకడు వెట్టికి వెళ్తే మిగిలిన పదిమంది కాదన్నదానికి విలువ పోతుంది. సమ్మె రోజున పనిలోకి వెళ్ళే కార్మికుడు యజమానికి అవునన్నాననుకుంటాడు. అదే క్షణంలో అతను తోటివాళ్ళకు కాదంటున్నాడు. కాబట్టి అపరాధభావం లేకుండా కాదనడం ఎట్లా అనే ప్రశ్ననే సరిచేసుకోవాలి. మనం ఎవరికి నిజంగా రుణపడి ఉన్నాం? ఈ ప్రశ్నకు జవాబు తేలితే, మిగిలినవాళ్ళకు కాదన్నప్పుడు కలిగే బాధ దానంతటదే పలచబడుతుంది.

వెట్టి పాతకథ అనీ, దాన్ని ఇప్పుడు తవ్వడం ఎందుకనీ కొందరు అనవచ్చు. రాజ్యాంగం 23వ అధికరణం 1950లోనే వెట్టిని నిషేధించింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. బలవంతమంటే కర్ర పట్టుకుని చేయించడమొక్కటే కాదనీ, ఆకలివల్ల వేరే దారిలేక కనీస వేతనంకంటె తక్కువకు ఒప్పుకున్నా అది బలవంతపు చాకిరీయేననీ తీర్పు చెప్పింది. నీతిశాస్త్రం చదివేవాళ్ళు ఈ తీర్పును తప్పకుండా చదవాలి. కాదనే శక్తి లేనివాడి అవును అంగీకారం కాదని దాని సారాంశం.

అయినా ఈనాడు కొత్త ఆనవాయితీలు పుట్టాయి. అంగన్‌వాడీ పథకం 1975లో మొదలైంది, ఆశా కార్యకర్తల పథకం 2005లో మొదలైంది. రెండింటిలోనూ పనిచేసే స్త్రీలకు ప్రభుత్వం పెట్టిన పేరు కార్మికులని కాదు, గౌరవ సేవకులని. ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం, ప్రోత్సాహకం. సేవ అంటే ఇష్టపూర్వకంగా చేసేది. ఇష్టపూర్వకమైనదాన్ని మానుకునే స్వేచ్ఛ కూడా ఉండాలి. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు వేతనాలకోసం సమ్మెకు దిగారు. అది 42 రోజులు సాగింది. మధ్యలో, 2024 జనవరిలో, ప్రభుత్వం వాళ్ళమీద ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగేదాకా వాళ్ళు స్వచ్ఛంద సేవకులు. పని మానేసేసరికి అత్యవసర సిబ్బంది. ఒక పని సేవా, చాకిరీయా అని తేల్చడానికి ఇంతకంటె మంచి గీటురాయి లేదు. ఒకసారి కాదని చూడాలి. అవతలివాడి చేతిలో ఏముందో అప్పుడు బయటపడుతుంది.

మన కళాశాలల్లో కూడా ఈ గీటురాయి పనికివస్తుంది. కాంట్రాక్టు మీద, గంటల లెక్కన పనిచేసే అధ్యాపకుణ్ణి ప్రిన్సిపాలు ఆజ్ఞాపించడు. "మాస్టారూ, ఈ ఒక్క పనీ మీరే చూడాలి" అంటాడు. స్థిరమైన ఉద్యోగం ఉన్నవాడు ఆ మాటకు అవునో కాదో అనవచ్చు. వచ్చే ఏడు తన పేరు జాబితాలో ఉంటుందో లేదో తెలియనివాడు అవుననే అంటాడు. తర్వాత, నేను మెతకమనిషిని, ఎవరికీ కాదనలేను అని తన స్వభావాన్ని తానే నిందించుకుంటాడు. అతనిలో ఉన్నది మెతకతనం కాదు, భయం. భయానికి మంచితనమని పేరు పెట్టుకుంటే కొంత గౌరవంగా ఉంటుంది. అతనికి వ్యక్తిత్వ వికాస గ్రంథం ఇచ్చి, నవ్వుతూ కాదనడం నేర్చుకోమని చెప్పడం క్రూరత్వం. అతనికి కావలసింది ఉద్యోగ భద్రత, దానికోసం ఒక సంఘం. కొత్త సమాధానంలోని మోసం ఇక్కడే ఉంది. కాదనే స్వేచ్ఛ ఎవరికి ముందే ఉందో వాళ్ళకే అది దాన్ని నేర్పుతుంది.

పైగా కాదనడం తేలికైన ఆ కొద్దిమంది ఎవరికి కాదంటారు? పై అధికారికి కాదనరు. పనిమనిషి జ్వరమొచ్చిందని రెండు రోజులు సెలవడిగితే కాదంటారు. ఫీజు గడువు గురించి అడగవచ్చిన పల్లెటూరి కుర్రవాడికి టైములేదంటారు. తమ సమయం చుట్టూ వేసుకున్న కంచెలో ఎప్పుడూ కిందివైపునే ముళ్ళుంటాయి. కాదనడం ఒక గుణమే అయితే అది పైకి చూపినప్పుడే పరీక్షకు నిలుస్తుంది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణకు జవాబు చెప్పాలి. అవసరం అన్నది ఎవరిదైనా అవసరమే. ప్రపంచంలో ఇంత దుఃఖం ఉండగా, సాయం చెయ్యగలిగి కూడా కాదన్నవాడికి మనసు పీకితే తప్పేమిటి? ఈ ఆక్షేపణను పీటర్ సింగర్ 1972లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో చాలా పదునుగా పెట్టాడు. తూర్పు బెంగాల్ కరువూ కాందిశీకుల దుస్థితీ అతని కళ్ళముందున్నాయి. లోతులేని మడుగులో పసిబిడ్డ మునిగిపోతుంటే బట్టలు పాడవుతాయని ఎవరూ వెనకాడరు, మరి దూరాన ఉన్న బిడ్డ విషయంలో ఎందుకు వెనకాడతారని అతని ప్రశ్న. అంతకు చాలాముందు, 1785లో, కాంటు విధులను రెండు రకాలుగా విడదీశాడు. అబద్ధపు వాగ్దానం చెయ్యకపోవడం వంటి విధులకు మినహాయింపు లేదు. పరులకు సాయపడటం కూడా విధేగాని, ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది మనిషి విచక్షణకు వదిలిన విధి. కాంటు లెక్కన అడిగిన ప్రతివాడికీ మనమీద హక్కు రాదు. అయితే ఎవరికీ ఎన్నడూ సాయపడననే హక్కు మనకూ రాదు.

నాకు తోచినంతవరకు వీళ్ళిద్దరూ చెప్పినదాంట్లో సత్యం ఉంది. అయితే మడుగులో బిడ్డను పై అధికారితోనో, హామీ సంతకం అడిగే స్నేహితుడితోనో ఒకే వరసలో నిలబెట్టడంలోనే చిక్కు వస్తుంది. అవసరం తీవ్రమైనదై, అడిగేవాడు మనకంటె బలహీనుడై, మనం కాదంటే అతనికి ఇంకొక గడప లేనప్పుడు మనసు పీకడం రోగం కాదు, ఆరోగ్యం. ఆ బాధను మందేసి పోగొట్టుకోకూడదు. రక్తం కావాలని రాత్రిపూట తలుపు తట్టినవాడికి కాదని హాయిగా నిద్రపోగల విద్య ఎవరికీ అక్కర్లేదు. అవసరం చిన్నదై, అడిగేవాడు బలవంతుడై, మన అవునుకు ఖరీదు మూడో మనిషి చెల్లించవలసి వచ్చినప్పుడు మనసు పీకితే అది ఎవరో మనలో నాటిన మొక్క. దాన్ని పీకెయ్యవచ్చు. అందుచేత ఏ అభ్యర్థన వచ్చినా మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. నేను కాదంటే ఇతను ఊరుకోగలడా, లేక నన్ను శిక్షిస్తాడా? నేను అవునంటే దాని ఖర్చు ఎవరు భరిస్తారు? నేను వదిలిన పని ఎవరి నెత్తిన పడుతుంది? మూడో ప్రశ్న మరిచిపోయినవాడు తాను స్వేచ్ఛ సాధించాననుకుంటూ, తన బరువును పక్కనున్న బలహీనుడికి బదిలీ చేస్తాడు.

చివరగా మన ఇంటి సంగతి. అభ్యుదయ సంఘాలూ, పార్టీలూ కూడా మనుషులను అడుగుతాయి. అడగకుండా ఏ ఉద్యమమూ నడవదు. అయితే పని కాదన్న సభ్యుణ్ణి బూర్జువా వ్యక్తివాది అని ముద్రవెయ్యడం మనలో ఉన్న అలవాటు. ముద్రకు జడిసి ఒప్పుకున్నవాడు ఎంతకాలం నిలుస్తాడు? తెలంగాణా పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో మనకు తెలియని మన చరిత్ర అనే పేరుతో ప్రచురించింది. రహస్యజీవితంలో చంటిబిడ్డను ఇతరుల చేతుల్లో పెట్టి దళంతో వెళ్ళిన తల్లి గొంతు అందులో ఉంది. 1951లో పోరాటం విరమించిన తర్వాత, ఇక ఇళ్ళకు వెళ్ళి సంసారాలు చూసుకోమనిపించుకున్న స్త్రీల గొంతులున్నాయి. వాళ్ళు ఉద్యమాన్ని దూషించలేదు. అది తమకు మనుషులుగా నిలబడటం నేర్పిందని చెప్పినవాళ్ళే చాలామంది. దొరకు కాదనడం నేర్పిన సంఘం, తనకు కాదనే సందు మాత్రం వాళ్ళకు ఇవ్వలేదు. ఆనాటి నిర్బంధంలో అది సాధ్యమయ్యేది కాదని వాదించవచ్చు. ఈనాడు మన సభల్లో టీలు ఎవరు కలుపుతున్నారు, కుర్చీలు ఎవరు సర్దుతున్నారు, వేదికమీద ఎవరు కూచుంటున్నారు అన్న ప్రశ్నకు నిర్బంధం జవాబు కాదు.

కాదనడానికి వీలున్న సంఘంలో చెప్పిన అవునుకే విలువ. కాదంటే వెలి అనే చోట వచ్చే చప్పట్లు వెట్టిలో భాగమే. కాబట్టి మన సంఘాల్లో పని అడిగేటప్పుడు, కాదన్నా నీ స్థానం ఇదేనని మాటల్లోనే కాక ప్రవర్తనలోనూ తెలియజెయ్యాలి. కాదన్నవారు కూడా జ్వరం, చుట్టాలు, చెయ్యలేను అనే సాకులు వెతక్కుండా, ఈ పని నేను చెయ్యను, కారణం ఇది, ఫలానాది చేస్తాను అని చెప్పగలగాలి. సాకు చెప్పినప్పుడు ఎదుటివాడు వాదించడానికి ఏమీ ఉండదు, నమ్మినట్టు నటిస్తాడంతే. కారణం చెప్పినప్పుడు అతనికి దాన్ని ప్రశ్నించే హక్కు వస్తుంది. ఒక్కొక్కసారి అతని ప్రశ్నే సరైనదై మనం మనసు మార్చుకోవలసి రావచ్చు. అందులో చిన్నతనం లేదు.

సరైన కారణంతో కాదన్న తర్వాత కూడా కొంత బాధ మిగులుతుంది. అడిగినవాడు మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతుంటే చూడటం సుఖంగా ఉండదు. దాన్ని విచారమనాలి, అపరాధమనకూడదు. అందరి అవసరాలూ తీర్చే శక్తి ఒక్క మనిషికి లేదు గనకా, తీర్చవలసిన సమాజం ఇంకా ఏర్పడలేదు గనకా ఆ విచారం ఉంటుంది. బిడ్డ ఆసుపత్రి ఖర్చుకు చుట్టాల ఇళ్ళ చుట్టూ తిరగవలసిన అవసరం ఎవరికీ లేనిరోజున మొహమాటం చాలావరకు తగ్గుతుంది. ఆనాడు అడిగేవాడు అవమానం లేకుండా అడుగుతాడు, కాదనేవాడు బాధ లేకుండా కాదంటాడు. అంతవరకు మన విచారాన్ని మనం దాచుకోనక్కర్లేదు. అది ఆ రోజుకోసం పనిచెయ్యమని గుర్తుచేస్తూ ఉంటే చాలు.